ఫుట్‌ప్రింట్ లైబ్రరీ ఎక్కడ దొరుకుతుంది, దొరికింది మన పార్టుదేనా? (ఎపిసోడ్ పూర్తి పాఠం)

పోయిన ఎపిసోడ్‌లో స్కీమాటిక్ గీసేదాకా వచ్చి ఆపినాం. ఆ తర్వాత అందరూ ఆగిపోయేది ఒకే చోట. స్కీమాటిక్ పూర్తయింది, బోర్డులోకి పోదామని బటన్ నొక్కితే ఈ పార్టుకు ఫుట్‌ప్రింట్ లేదని సాఫ్ట్‌వేర్ మొండికేస్తుంది. అప్పుడు ఫోన్ తీసి పార్టు పేరు, పక్కన ఫుట్‌ప్రింట్ అని కొట్టి, ముందు ఏది కనిపిస్తే అది డౌన్‌లోడ్ చేసేస్తారు. ఈ రోజు మాట్లాడుకునేది ఆ డౌన్‌లోడ్ గురించే. ఎక్కడ దొరుకుతుందో చెప్తాను, అది రెండు నిమిషాల పని. దొరికింది మన చేతిలో ఉన్న పార్టుదేనా అని ఎట్లా తేల్చుకోవాలో చెప్పడానికే ఎక్కువ టైం పడుతుంది.

ముందు ఫుట్‌ప్రింట్ అంటే ఏందో ఒక్క మాట. తడి కాళ్లతో అరుగు మీద నడిస్తే జాడ పడుతుంది కదా, అదే. రిలే కానీ, ట్రాన్సిస్టర్ కానీ బోర్డు మీద కూర్చుంటే దాని కాళ్లు ఎక్కడెక్కడ ఆనుతాయో ఆ జాడ. రాగి ప్యాడ్‌లు, రంధ్రాలు, చుట్టూ తెల్ల గీత, ఒకటో నంబరు కాలు ఎక్కడుందో చూపే గుర్తు, పక్క పార్టు ఇంతకంటే దగ్గరికి రాకూడదని చెప్పే హద్దు, ఇవన్నీ కలిస్తే ఒక ఫుట్‌ప్రింట్. స్కీమాటిక్‌లో గీసే బొమ్మ పేరు సింబల్. సింబల్‌లో 1 అని రాసిన పిన్ను ఫుట్‌ప్రింట్‌లో 1 అని రాసిన ప్యాడ్‌కు పోతుంది. సాఫ్ట్‌వేర్ చూసేది ఆ నంబర్లను మాత్రమే. ఆ కాలు నిజంగా ఏ పని చేస్తుందో దానికి తెలియదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, రిలే దగ్గర మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఉదాహరణకు మన బంగారుపాళ్యం చుట్టుపక్కల తోటలకు పనికొచ్చే బోర్డునే తీసుకుందాం. ఫోన్ నుంచి బోరు మోటరు ఆన్ చేసే చిన్న కంట్రోలర్. అందులో ఒక ఈఎస్‌పీ32, ఒక 5 వోల్టుల రిలే, రిలేను నడిపే ట్రాన్సిస్టర్, ఒక రెగ్యులేటర్, వైర్లు బిగించే స్క్రూ టెర్మినల్, నాలుగు రెసిస్టర్లు. ఇట్లాంటి రెడీమేడ్ స్టార్టర్లు అంగళ్లలో దొరుకుతాయి, నిజమే. కానీ సొంతంగా ఒక బోర్డు చేసి దాన్ని నడిపించాలన్న ఆశ ఉన్నోళ్ల కోసమే ఈ సిరీస్.

మన ఊరికి ఒక సౌకర్యం ఉంది. చెన్నై, బెంగళూరు మధ్య రోడ్డు మీద ఉన్నాం. ఒక పక్కకు పోతే బెంగళూరు ఎస్.పీ. రోడ్డు, ఇంకో పక్కకు పోతే చెన్నై రిచీ స్ట్రీట్. రెండూ ఎలక్ట్రానిక్స్ పార్టుల బజార్లే. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి పార్టులు తెచ్చుకోవచ్చు. పార్టులు ఒక రోజులో వస్తాయి, బోర్డు మాత్రం రాదు. ఆన్‌లైన్‌లో బోర్డు చేయించుకుంటే చాలా కంపెనీలు తక్కువలో తక్కువ 5 ముక్కలు చేస్తాయి. విదేశం నుంచి తెప్పిస్తే కొరియర్ ఖర్చు, పైన కస్టమ్స్. ఫుట్‌ప్రింట్ తప్పయితే ఆ 5 ముక్కలూ ఒకే తప్పుతో వస్తాయి. రెండు వారాలు కాచుకుని, వచ్చిన బోర్డులో రిలే కాళ్లు దూరకపోతే ఆ డబ్బు, ఆ రోజులు పోయినట్టే. డిగ్రీ చదివే పిల్లోడికి అది చిన్న డబ్బు కాదు.

అందుకే నా లెక్కలో మొదటి పని ఫుట్‌ప్రింట్ వెతకడం కాదు, పార్టు ఖాయం చేసుకోవడం. నిజంగా దొరికే పార్టు ఏది, దాని మీద అచ్చేసిన పూర్తి నంబరు ఏది, దాని డేటాషీట్ ఏది. మామిడికాయల మండీలో 'కాయ కావాల' అంటే ఎవరైనా ఇస్తారా? తోతాపురా, బేనీషానా, నీలమా అని అడుగుతారు. గుజ్జు ఫ్యాక్టరీకి తోతాపురి కావాలంటే నీలం తీసుకుపోతే గేటు దగ్గరే తిప్పి పంపుతారు. '5 వోల్ట్ రిలే ఫుట్‌ప్రింట్' అని వెతకడం కూడా అట్లాంటిదే.

సరే, ఎక్కడ వెతకాలి?

మేం వాడేది కీక్యాడ్. ఉచితం, ఓపెన్ సోర్స్. 1992లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో జాన్ పియర్ చరాస్ అనే ఆయన మొదలుపెట్టినాడు. తర్వాత కణాల మీద పరిశోధన చేసే సెర్న్ సంస్థ కూడా దాని అభివృద్ధికి చేయి వేసింది. మన ఐఐటీ బాంబే ఫోసీ ప్రాజెక్టు చేసిన ఈసిమ్ కూడా కీక్యాడ్ మీదే నడుస్తుంది, ఇంజినీరింగ్ కాలేజీల్లో కొందరు చూసే ఉంటారు. కీక్యాడ్ ఇన్‌స్టాల్ చేసినప్పుడే దాంతోపాటు వేల ఫుట్‌ప్రింట్లు వస్తాయి. చాలా మంది వాటిని చూడకుండానే గూగుల్‌కు పరిగెత్తుతారు. మన మోటరు బోర్డుకు కావాల్సినవి దాదాపు అన్నీ అందులోనే ఉన్నాయి. ఈఎస్‌పీ32 వ్రూమ్ మాడ్యూల్ 'ఆర్‌ఎఫ్ మాడ్యూల్' లైబ్రరీలో ఉంది. యాంటెన్నా కింద రాగి ఉండకూడదనే హద్దు కూడా గీసి పెట్టినారు. నీలం రంగు చక్కెర ముక్క లాంటి రిలే 'రిలే టీహెచ్‌టీ' లైబ్రరీలో శాన్యూ ఎస్‌ఆర్‌డీ సిరీస్ అనే పేరుతో ఉంది. మన బజార్లో దొరికేది ఎక్కువగా సాంగిల్ కంపెనీ ఎస్‌ఆర్‌డీ. పేరు వేరు కాబట్టి వెతికేవాళ్లకు కనిపించదు. కాబట్టి కంపెనీ పేరుతో దొరక్కపోతే సిరీస్ పేరుతో వెతకండి, ప్యాకేజీ పేరుతో వెతకండి.

అందులో లేకపోతే రెండో చోటు, పార్టు తయారు చేసిన కంపెనీ. ఈఎస్‌పీ32 తయారుచేసే ఎస్‌ప్రెసిఫ్ సొంతంగా కీక్యాడ్ లైబ్రరీ గిట్‌హబ్‌లో పెట్టింది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ లాంటి పెద్ద కంపెనీల వెబ్‌సైట్లలో పార్టు పేజీలోనే క్యాడ్ మోడల్ లింక్ ఉంటుంది. డిజీకీ, మౌసర్ లాంటి అమ్మకందారుల పేజీల్లోనూ ఉంటుంది.

మూడోది లైబ్రరీ వెబ్‌సైట్లు. స్నాప్‌మ్యాజిక్, దీని పాత పేరు స్నాప్‌ఈడీఏ. తర్వాత అల్ట్రా లైబ్రేరియన్, కాంపోనెంట్ సెర్చ్ ఇంజిన్. ఉచిత అకౌంట్ చేసుకుని, పార్టు నంబరు కొట్టి, కీక్యాడ్ ఫార్మాట్ ఎంచుకుంటే జిప్ ఫైల్ వస్తుంది. ఈ పనంతా ఫోన్‌లోనే చేసుకోవచ్చు. బస్సులో కూర్చుని పార్టు వెతికి, డేటాషీట్ పీడీఎఫ్, జిప్ రెండూ డ్రైవ్‌లో వేసుకుంటే ఇంటికి పోయి కంప్యూటర్‌లో తెరవచ్చు. కీక్యాడ్ మాత్రం విండోస్, మ్యాక్, లినక్స్‌లకే. కంప్యూటర్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చేయలేను, కాలేజీ ల్యాబ్‌లో బ్రౌజర్ ఒక్కటే దిక్కు అనేవాళ్లకు ఈజీఈడీఏ ఉంది, అది బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ఎల్‌సీఎస్‌సీ అనే పార్టుల దుకాణంతో అది కలిసి ఉంటుంది కాబట్టి అక్కడ అమ్మే పార్టులకు ఫుట్‌ప్రింట్లు చాలా వరకు ఉంటాయి. ఒక్క జాగ్రత్త. అందులో సొంత లైబ్రరీ వేరు, ఎవరో వాడుకదారుడు గీసి పెట్టినది వేరు. రెండూ వెతుకులాటలో పక్కపక్కనే వస్తాయి.

పాత వీడియోలు చూసి ఈగిల్ లైబ్రరీలు డౌన్‌లోడ్ చేసుకున్నోళ్లు కూడా ఉంటారు. ఈగిల్‌ను 2016లో ఆటోడెస్క్ కొనింది, 2026 జూన్ 7తో ఆపేస్తామని 2023లోనే చెప్పింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు దాని జోలికి పోవాల్సిన పని లేదు. పాత ఈగిల్ లైబ్రరీ చేతిలో ఉంటే కీక్యాడ్ దాన్ని తెరవగలదు.

జిప్ వచ్చినాక చేయాల్సింది చిన్న పనే. ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే 'లిబ్' అని ఒక ఫోల్డర్ చేసి, అందులో వేసి, ప్రిఫరెన్సెస్‌లోని మేనేజ్ ఫుట్‌ప్రింట్ లైబ్రరీస్‌కు పోయి, 'ప్రాజెక్ట్ స్పెసిఫిక్' ట్యాబ్‌లో చేర్చండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నుంచే లింక్ చేసినారంటే, రేపు ఆ ఫోల్డర్ ఖాళీ చేసిన రోజు లైబ్రరీ కనిపించడం లేదని ఎర్ర గుర్తులు వస్తాయి. ప్రాజెక్టు లోపలే ఉంటే ఫ్రెండ్‌కు పంపినా అన్నీ ఒకటిగా పోతాయి.

ఇంతవరకే ఎక్కడ అనే ప్రశ్న. ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

ఏ వెబ్‌సైట్ నుంచి తెచ్చినా, ఆ ఫుట్‌ప్రింట్‌ను ఎవరో ఒక మనిషో, ఒక ప్రోగ్రామో ఒక డేటాషీట్ చూసి గీసింది. ఐపీసీ-7351 అని ఒక ప్రమాణం ఉంది, ప్యాడ్ ఎంత పెద్దగా ఉండాలో మూడు స్థాయిల్లో చెప్తుంది. మిషన్‌తో అతికించే ఫ్యాక్టరీకి ఒక సైజు సరిపోతుంది, చేత్తో సోల్డర్ పెట్టే మనకు కొంచెం పెద్దది కావాలి. మన పక్క మండలం తవణంపల్లెలో, దిగువమాఘం దగ్గర అమర రాజా వాళ్ల ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ ఉంది. అట్లాంటి చోట మిషన్లు పార్టులను పెడతాయి. మన టేబుల్ మీద ఉండేది ఒక సోల్డరింగ్ ఐరన్, ఒక ట్వీజర్. కీక్యాడ్‌లో రెసిస్టర్ల పేర్ల చివర 'హ్యాండ్‌సోల్డర్' అని ఉంటే అది మనకోసమే, ప్యాడ్ కొంచెం బయటికి చాచి ఉంటుంది.

రెసిస్టర్ల దగ్గరే ఒక పెద్ద గుంత ఉంది. 0603 అంటే ఏది? అంగుళాల లెక్కలో 0603 అంటే 1.6 మిల్లీమీటర్ల పొడవు, 0.8 వెడల్పు. మిల్లీమీటర్ల లెక్కలో 0603 అంటే 0.6 పొడవు, 0.3 వెడల్పు, అంగుళాల లెక్కలో దాన్నే 0201 అంటారు. ఒకటే అంకె, రెండు సైజులు. రెండోది ఊపిరి వదిలితే ఎగిరిపోతుంది. కీక్యాడ్ పేర్లలో రెండూ రాసి ఉంటాయి, ముందు అంగుళాలది, తర్వాత 'మెట్రిక్' అని రెండోది. పేరు మొత్తం చదవండి. మొదటిసారి చేసేవాళ్లు 0805 తీసుకోండి, 2 మిల్లీమీటర్లు ఉంటుంది, కంటికి ఆనుతుంది.

ట్రాన్సిస్టర్ సంగతి ఇంకోటి. టీఓ-92 అనే నల్ల అరచంద్రం ప్యాకేజీ అందరికీ తెలుసు. చదును వైపు మనకు చూపిస్తూ, కాళ్లు కిందికి పెట్టి పట్టుకుంటే బీసీ547కు ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. అదే 2ఎన్3904కు ఎమిటర్, బేస్, కలెక్టర్. ప్యాకేజీ ఒకటే, రంధ్రాలు ఒకటే, వరస తిరగబడింది. ఇంకా విచిత్రం చెప్పనా? పీఎన్2222ఏ, పీ2ఎన్2222ఏ అని రెండు ఉన్నాయి. పేరులో ఒక్క అంకె తేడా. ఆ రెండింటికీ వరస ఎదురెదురు. అంగట్లో 'టూ ట్రిపుల్ టూ ఇవ్వన్నా' అంటే ఏది ఇస్తాడో ఆయనకే తెలియదు. కాబట్టి ఇక్కడ ఫుట్‌ప్రింట్ సరిపోయిందా అని చూస్తే చాలదు, సింబల్‌లో ఏ నంబరుకు ఏ పేరు ఇచ్చినారో చూడాలి. కాళ్ల మధ్య దూరం కూడా చూసుకోండి. మామూలు ఇన్‌లైన్ ఫుట్‌ప్రింట్‌లో 1.27 మిల్లీమీటర్లు, 'వైడ్' అని ఉన్నదాంట్లో 2.54. చేత్తో సోల్డర్ చేసేవాళ్లు వైడ్ తీసుకుని కాళ్లు కొంచెం విప్పండి, లేకపోతే సోల్డర్ ఒకదాని మీదికొకటి పారుతుంది.

రెగ్యులేటర్ కూడా అంతే, తొందరగా చెప్పేస్తాను. 7805కు ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్, వీపు మీది లోహం గ్రౌండ్. 1117 రకానికి గ్రౌండ్, అవుట్‌పుట్, ఇన్‌పుట్, వీపు అవుట్‌పుట్. 7805 అలవాటులో 1117 వీపును గ్రౌండ్‌కు కలిపేస్తే అవుట్‌పుట్ షార్ట్.

ఇప్పుడు రిలే. నన్నడిగితే ఈ బోర్డు మొత్తంలో భయపడాల్సిన ఫుట్‌ప్రింట్ ఇదొక్కటే. దీనికి 5 కాళ్లు. ఒక పక్క మూడు, రెండు కాయిల్ కాళ్లు, వాటి నడుమ కామన్. ఇంకో పక్క రెండు, ఒకటి మామూలుగా తెరిచి ఉండేది, ఒకటి మామూలుగా మూసి ఉండేది, ఎన్‌ఓ, ఎన్‌సీ అంటాం. డౌన్‌లోడ్ చేసిన సింబల్‌లో ఈ రెండింటి నంబర్లు తారుమారయితే సాఫ్ట్‌వేర్ ఏ తప్పూ చూపదు. బోర్డు అందంగా వస్తుంది, రిలే చక్కగా కూర్చుంటుంది.

పొలంలో ఏమవుతుంది? స్టార్టర్‌లో పచ్చ బటన్ ఉంటుంది, దాన్ని నొక్కినట్టు చేయడానికి రిలే ఎన్‌ఓను దానికి ప్యారలల్‌గా కలుపుతాం. ఫోన్‌లో ఆన్ అంటే రిలే ఒక్క క్షణం మూసుకుంటుంది, మోటరు పట్టుకుంటుంది. ఎన్‌ఓ బదులు ఎన్‌సీ పోయిందనుకోండి. పచ్చ బటన్‌ను ఎప్పుడూ నొక్కి పట్టుకున్నట్టే. కరెంటు వచ్చిన క్షణం మోటరు తిరుగుతుంది. ఎర్ర బటన్ నొక్కితే ఆగుతుంది, వేలు తీస్తే మళ్లీ పట్టుకుంటుంది. కరెంటు లేదు కదా అని ఎవరో ఒకరు అప్పుడే పంపు దగ్గర చేయి పెట్టి ఉంటారు, మీ నాయనే కావచ్చు. ఒక ఫుట్‌ప్రింట్ నంబరు తప్పు అక్కడిదాకా పోతుంది.

దీన్ని తేల్చుకోవడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు, ఒక మల్టీమీటర్ చాలు. రిలేను చేతిలో తలకిందులుగా పట్టుకోండి. ఓం మోడ్‌లో ఏ రెండు కాళ్ల మధ్య 70 ఓంల దగ్గర చూపిస్తుందో అవి కాయిల్. 5 వోల్టుల ఎస్‌ఆర్‌డీ ఎస్ఎల్ రకానికి అంతే ఉంటుంది. వాటి నడుమ ఉన్నది కామన్. ఇప్పుడు బీప్ మోడ్‌లో కామన్ నుంచి అవతలి రెండు కాళ్లను తాకండి. కరెంటు ఇవ్వకుండా ఏది బీప్ అంటుందో అది ఎన్‌సీ. కాగితం మీద గీసి రాసుకోండి. కానీ మీరు చూస్తున్నది కింది నుంచి. ఫుట్‌ప్రింట్ గీసేది పై నుంచి. అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారుతాయి. డేటాషీట్‌లో కూడా 'బాటమ్ వ్యూ' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాన్ని చూడకుండా గీసినవాళ్ల ఫుట్‌ప్రింట్లు కూడా ఇంటర్నెట్‌లో తిరుగుతుంటాయి.

ఇంకో మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఈ చిన్న రిలే కాంటాక్టులు 250 వోల్టుల ఏసీ వరకే. త్రీ ఫేజ్ స్టార్టర్లలో కాయిల్ 415 వోల్టులది ఉండొచ్చు. మీ స్టార్టర్ కాయిల్ మీద ఏముందో చదవండి, 415 అయితే ఈ రిలేను దానికి నేరుగా కలపొద్దు. కలిపే పని ఏదైనా తెలిసిన ఎలక్ట్రీషియన్ పక్కన ఉండగానే, మెయిన్ ఆపి.

డేటాషీటే లేని పార్టులు కూడా ఉంటాయి. బజార్లో దొరికే ఈఎస్‌పీ32 డెవలప్‌మెంట్ బోర్డులు, నీలం రంగు మాడ్యూళ్లు. 30 పిన్నులది ఉంది, 38 పిన్నులది ఉంది. రెండు వరసల మధ్య దూరం చేసినవాడిని బట్టి మారుతుంది. అట్లాంటి వాటికి ఎవరి ఫుట్‌ప్రింటూ నమ్మొద్దు. వెర్నియర్ క్యాలిపర్ కొనుక్కోండి, ప్లాస్టిక్‌దైనా పర్వాలేదు. లేకపోతే రెండు ఫీమేల్ హెడర్ పట్టీలను విడివిడిగా పెట్టుకుని, మాడ్యూల్‌ను కొలిచి మీరే దూరం సరిచేసుకోండి. స్క్రూ టెర్మినల్‌కు కూడా కొలత ముఖ్యం. 5.00 మిల్లీమీటర్లది ఉంది, 5.08ది ఉంది. 2 వైర్లదైతే తేడా తెలియదు. 10 వైర్లదైతే 0.08ని 9తో పెంచండి, 0.72 మిల్లీమీటర్లు. చివరి కాలు రంధ్రంలోకి పోదు. రంధ్రం సైజు కాలు లావు కంటే 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండేట్టు చూసుకోండి.

అన్నీ అయినాక, ఆర్డర్ పెట్టే ముందు, జిరాక్స్ అంగడికి పోండి. బోర్డును కీక్యాడ్‌లో 1:1 స్కేల్‌లో పీడీఎఫ్ చేసి తీసుకుపోండి. అక్కడ వాట్సాప్‌లో పంపితే వాళ్లు మామూలుగా 'ఫిట్ టు పేజ్'లో కొట్టేస్తారు, బొమ్మ కొంచెం చిన్నదో పెద్దదో అవుతుంది. 'యాక్చువల్ సైజ్, 100 శాతం' అని అడిగి కొట్టించుకోండి. నమ్మకం కోసం ఆ పేజీలోనే ఒక మూలన 40 పిన్నుల హెడర్ ఫుట్‌ప్రింట్ ఒకటి పెట్టండి. మొదటి రంధ్రం నడుమ నుంచి చివరి రంధ్రం నడుమకు 39 సందులు, ఒక్కొక్కటి 2.54, మొత్తం 99.06 మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి కొలిస్తే 99 రావాలి. 96 వచ్చిందంటే ప్రింటు కుదించుకుపోయింది, మళ్లీ కొట్టించండి. 2 రూపాయల పని.

ఆ కాగితాన్ని థర్మోకోల్ ముక్క మీద పెట్టి, తెచ్చిన పార్టులను ఒక్కొక్కటిగా గుచ్చండి. రిలే 5 కాళ్లూ 5 చుక్కల్లో దిగాలి. టెర్మినల్ నోరు బోర్డు బయటికి చూస్తా ఉందా, స్క్రూడ్రైవర్ ఆడుతుందా, ఈఎస్‌పీ32 యాంటెన్నా అంచు మీదికి వచ్చిందా, రిలే పక్కన కెపాసిటర్ తగులుతుందా, ఇవన్నీ స్క్రీన్ మీద కంటే ఈ కాగితం మీద తొందరగా తెలుస్తాయి. సర్ఫేస్ మౌంట్ పార్టులను కాగితం మీద పెట్టి ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చూడండి, కాళ్లు ప్యాడ్‌ల నడుమ కూర్చున్నాయా లేదా తెలిసిపోతుంది. సరిపోయిన ఫుట్‌ప్రింట్‌ను మీ సొంత లైబ్రరీలోకి కాపీ చేసి, పేరులో పార్టు పూర్తి నంబరు, కొలిచిన తేదీ రాసుకోండి. కీక్యాడ్ లైబ్రరీ లైసెన్స్ దానికి ఒప్పుకుంటుంది, వాటితో చేసిన మీ బోర్డు డిజైన్‌ను అందరికీ ఇవ్వాలన్న షరతు కూడా లేదు.

తర్వాతి ఎపిసోడ్‌లో ఇదే బోర్డుకు ట్రాకులు వేద్దాం, రిలే కింద ఏసీ గీతకు, 5 వోల్టుల గీతకు మధ్య ఎంత జాగా వదలాలో అక్కడి నుంచి మొదలుపెడదాం. అప్పటికి మీ రిలేను మల్టీమీటర్‌తో కొలిచి, ఆ కాగితం దగ్గర పెట్టుకుని రండి.